ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తుంది?

ఆన్‌లైన్‌లో చదవడానికి, చూడడానికి, నేర్చుకోవడానికి డబ్బు చెల్లించే అలవాటు మన జనంలో బాగా పెరిగిందన్న మాట ఈ మధ్య తరచుగా వినబడుతోంది. పది, పదిహేనేళ్ళ క్రితం పరిస్థితి ఇలా లేదు. ఇంటర్నెట్‌లో దొరికేది వార్త అయినా, పాట అయినా, పాఠమైనా ఊరికే దొరకాలనే అనుకునేవాళ్ళం. దానికి డబ్బులడిగేవాళ్ళని ఆశపోతుల్లా చూసేవాళ్ళం. ఇప్పుడు మధ్యతరగతి ఇళ్ళలో సినిమాలకొక చందా, పాటలకొక చందా, పిల్లల పోటీ పరీక్షలకొక యాప్ ఫీజు, కరెంటు బిల్లుతో పాటు నెల ఖర్చులో చేరిపోయాయి. ఆర్థికశాస్త్రంలో దీన్ని ‘చెల్లించే సంసిద్ధత’ అంటారు. మార్కెట్ సర్వేల్లోంచి ఆ మాట ఇప్పుడు మన స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టు పత్రాల్లోకి కూడా వచ్చి కూర్చుంది. ‘మీ శిక్షణలకి కొద్దిపాటి ఫీజు పెట్టండి, నిజంగా కావలసినవాళ్ళు చెల్లిస్తారు; చెల్లించలేదంటే వాళ్ళకి అవసరం లేదన్నమాట’ అని సలహా. వినడానికి చాలా సహేతుకంగా ఉండే ఈ సలహాలో ఒక పెద్ద మోసం ఉందని నేననుకుంటున్నాను.

ఇది మనకి సిద్ధాంత చర్చ మాత్రమే కాదు. గృహహింస చట్టం మీద, పనిచేసే చోట లైంగిక వేధింపుల చట్టం మీద, ఆస్తిహక్కు మీద మన సంస్థ ఏళ్ళ తరబడి ఊళ్ళలో, బస్తీల్లో ఇస్తున్న శిక్షణని ఆన్‌లైన్ కోర్సుగా మార్చి, దానికి రుసుము పెట్టి, ఆ రాబడి మీద నడుపుకోవాలన్న ప్రతిపాదన ఇప్పుడు మన ముందుంది. దీనికి కారణాలు లేకపోలేదు. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించినప్పుడు, పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి కుదించారు; ఒక సంస్థ తనకొచ్చిన నిధుల్లోంచి మరో సంస్థకి ఇవ్వడాన్ని నిషేధించారు. పెద్ద సంస్థల చేతుల మీదుగా వచ్చే చిన్న మొత్తాలతో బతికే జిల్లా స్థాయి సంఘాలకి ఆ దారి మూసుకుపోయింది. ‘మీ కాళ్ళ మీద మీరు నిలబడండి’ అని చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు. కనక ఫీజు ప్రశ్నని దాటేసి పోలేం. కానీ దానికి సమాధానం వెతికేముందు ఎవరి సంసిద్ధత గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి.

ముందు ఈ మార్పు ఎలా వచ్చిందో చూద్దాం. న్యూయార్క్ టైమ్స్ 2011లో తన వెబ్‌సైటుకి చందా గోడ కట్టినప్పుడు అది నిలవదని చాలామంది అన్నారు. నిలిచింది. అయినా ఈనాటికీ వార్తలకి డబ్బు చెల్లించేవాళ్ళు తక్కువే. రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ 2025 నివేదిక ప్రకారం, ఆన్‌లైన్ వార్తలు చదివే అలవాటు బలంగా ఉన్న 20 సంపన్న దేశాల్లో సగటున 18 శాతం మంది మాత్రమే చెల్లిస్తున్నారు. చదువు విషయం వేరుగా నడిచింది. 2012లో కోర్సెరా, ఎడెక్స్ మొదలైనప్పుడు ప్రపంచంలోని పెద్ద విశ్వవిద్యాలయాల పాఠాలు ఎవరైనా ఊరికే వినవచ్చన్నారు. తరవాత కొద్ది సంవత్సరాల్లోనే పాఠం వినడం ఉచితం, పరీక్షకీ సర్టిఫికెట్‌కీ డబ్బు అనే పద్ధతి స్థిరపడింది. లాభాపేక్ష లేని సంస్థగా హార్వర్డ్, ఎం.ఐ.టి. కలిసి పెట్టిన ఎడెక్స్‌ని 2021లో 80 కోట్ల డాలర్లకి ఒక కంపెనీకి అమ్మారు. ఆ కంపెనీ 2024లో దివాలా రక్షణ కోరింది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన స్వయం వేదికలో కూడా పాఠాలు ఉచితమే, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటే రుసుము ఉంటుంది. అంటే జనం చెల్లిస్తున్నది జ్ఞానానికి కాదు, ఆ జ్ఞానం ఉన్నట్టు పదిమంది ముందు చూపించుకోగలిగే కాగితానికి. ఉద్యోగం, ప్రమోషన్, పెళ్ళి సంబంధం, అమెరికా వీసా వంటి వాటికి దారితీసే చదువుకి డబ్బు వస్తుంది. తన మీద చెయ్యెత్తిన భర్త మీద ఏ కాగితం ఎక్కడ పెట్టాలో నేర్పే చదువుకి ఏ ఉద్యోగమూ రాదు.

మన దగ్గర ఈ మార్పుకి 2016 సెప్టెంబర్ ఒక మలుపు. అంతకుముందు ఒక జీబీ డేటాకి 200 రూపాయల పైనే అయ్యేది. జియో వచ్చి కొన్ని నెలలు పూర్తిగా ఉచితంగా ఇచ్చింది, తరవాత ధరలు ఎన్నో రెట్లు పడిపోయాయి. పల్లెల్లో కూడా ఇంటికొక స్మార్ట్‌ఫోను వచ్చింది. అలవాటు పడ్డాక మెల్లగా ధర పెంచుకుంటూ వస్తున్నారు. 2024 జులైలో మూడు పెద్ద కంపెనీలూ వరసగా రేట్లు పెంచాయి. రీఛార్జికి ‘నెల’ అంటే 28 రోజులు. ఏడాదికి పన్నెండు సార్లు కాదు, పదమూడు సార్లు వేయించాలి. నెలజీతం వచ్చేవాళ్ళు ఈ తేడా పట్టించుకోరు. ఇళ్ళలో పనిచేసుకునే ఆడవాళ్ళు, ఉపాధి హామీ కూలి డబ్బులకి ఎదురుచూసేవాళ్ళు బాగా పట్టించుకుంటారు. ఇంట్లో రెండు ఫోనులుంటే ఏది రీఛార్జి లేకుండా పడి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారిగా ఇంటర్నెట్ గురించి అడిగింది. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు దేశంలో 33.3 శాతం, పురుషులు 57.1 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో స్త్రీలు 26.5 శాతం. ఆ తరవాత ఈ అంకెలు తప్పకుండా పెరిగి ఉంటాయి, కోవిడ్ కాలం ఒక్కటే చాలు పెరగడానికి. కానీ సొంతంగా వాడుకునే మొబైల్ ఫోను ఉన్న స్త్రీలు దేశంలో సగం కంటే కొంచెమే ఎక్కువ, 54 శాతం, అని అదే సర్వే చెప్పిన విషయాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. ఇంట్లో ఫోనుండడం వేరు, అది ‘నా ఫోను’ కావడం వేరు.

ఇక ఇంట్లో చదువు మీద పెట్టే ఖర్చు సంగతి. ఆన్‌లైన్ చదువుకి చెల్లించే సంసిద్ధత పెరిగిందని చెప్పేవాళ్ళు సాధారణంగా చూపించే ఉదాహరణ పిల్లల కోచింగ్ యాప్‌లు. బైజూస్ 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ చేసే కంపెనీగా పేరు తెచ్చుకుంది. తల్లిదండ్రులని భయపెట్టి, ఆశపెట్టి, అప్పుల మీద కోర్సులు అంటగడుతున్నారన్న ఫిర్యాదుల మీద జాతీయ బాలల హక్కుల కమిషన్ 2022 డిసెంబర్‌లో ఆ కంపెనీ అధిపతిని పిలిపించింది. అంతకు ఏడాది ముందే, 2021 డిసెంబర్‌లో, ఇటువంటి కంపెనీలతో జాగ్రత్తగా ఉండమనీ, ఖాతాలోంచి డబ్బు దానంతటదే కోసుకునే ఏర్పాటుకి ఒప్పుకోవద్దనీ కేంద్ర విద్యాశాఖ తల్లిదండ్రులని హెచ్చరించింది. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ఇది ఒక కంపెనీ కథ మాత్రమే అయితే ఇక్కడ రాయనవసరం లేదు. ఆ వ్యాపారం నిలబడింది దేని మీద? కొడుకు వెనకబడిపోతాడేమోనన్న తల్లిదండ్రుల భయం మీద. దాన్ని ‘సంసిద్ధత’ అనడం న్యాయమేనా?

అదే ఇంట్లో ఆ పిల్లల తల్లి 500 రూపాయలు పెట్టి ఏదైనా నేర్చుకుంటానంటే ఏమవుతుందో మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ‘యూట్యూబ్‌లో ఊరికే వస్తుందిగా, డబ్బులెందుకు తగలెయ్యడం?’ కూతురికి కూడా చాలాసార్లు ఇదే జవాబు. కొడుక్కి లాంగ్‌టర్మ్ కోచింగ్, కూతురికి యూట్యూబ్. యూట్యూబ్‌లో మంచి పాఠాలు లేవని కాదు. ఎవరికి డబ్బు పెట్టి కొన్న చదువు, ఎవరికి ఊరికే వచ్చే చదువు అన్న పంపకం లింగ వివక్షకి ఒక కొత్త రూపం. దీన్ని మన క్షేత్రస్థాయి చర్చల్లో ఇంకా తగినంతగా గమనించలేదనిపిస్తుంది.

నేను అసలు చెప్పదలచుకున్నది పోపుల డబ్బా గురించి.

తెలుగు ఇళ్ళలో ఆడవాళ్ళ సొంత డబ్బు ఎప్పుడూ పోపుల డబ్బాలోనో, బియ్యం డబ్బా అడుగునో, చీర మడతల్లోనో ఉంటూ వచ్చింది. పాల లెక్కలో, కూరగాయల లెక్కలో మిగిల్చినది, పుట్టింటివాళ్ళు చేతిలో పెట్టినది. దీన్ని తక్కువగా అంచనా వేస్తాం. 1960లు, 70లలో తెలుగు పాఠకురాలు పెద్ద మార్కెట్‌గా అవతరించిందంటే ఆ డబ్బు వల్లే. ప్రతి చిన్న ఊళ్ళోనూ అద్దె పుస్తకాల దుకాణాలుండేవి. రోజుకి కొన్ని పైసల అద్దె. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, రంగనాయకమ్మ నవలలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి, ఒక పెరట్లోంచి ఇంకో పెరట్లోకి తిరిగేవి. వారపత్రికల్లో సీరియళ్ళ పేజీలు చింపి కుట్టి, వాటినే పుస్తకాలు చేసుకున్న ఆడవాళ్ళు మన తల్లుల తరంలో ఎంతమందో. ఆ నవలల విలువ మీద మన మధ్య ఎన్ని వాదాలైనా ఉండవచ్చు, నాకూ ఉన్నాయి. కానీ తనకి కావలసిన చదువుకి ఆడది చెల్లించదు అనేవాళ్ళకి ఆ అద్దె దుకాణాలే జవాబు. ఆమె చెల్లించింది. ఎవరినీ అడగకుండా, ఎవరికీ లెక్క చెప్పకుండా చెల్లించగలిగినప్పుడు చెల్లించింది.

2016 నవంబర్ 8న పెద్దనోట్లు రద్దయినప్పుడు ఆ రహస్యపు డబ్బు ఒక్కసారిగా బయటపడింది. భర్తకి చెప్పకుండా ఏళ్ళ తరబడి దాచుకున్న 500 నోట్లని మార్చుకోవాలంటే బ్యాంకుకి వెళ్ళాలి, అందుకు ఇంట్లో చెప్పాలి. కొందరి డబ్బు ఇంటి డబ్బయిపోయింది. కొందరు తన్నులు తిన్నారు. ఆ రోజుల్లో మన దగ్గరికి వచ్చిన కేసుల్లో ఈ గొడవ ఎన్నిసార్లు వినిపించిందో పాత కార్యకర్తలకి గుర్తుండే ఉంటుంది. ఆ తరవాత వచ్చిన యూపీఐ చెల్లింపుల ప్రపంచంలో పోపుల డబ్బాకి సమానమైనది ఏదీ లేదు.

ఆన్‌లైన్‌లో 99 రూపాయలు చెల్లించాలంటే బ్యాంకు ఖాతా ఉండాలి, దానికి జతచేసిన ఫోను నంబరు ఉండాలి. జన్‌ధన్ ఖాతాలు, పొదుపు సంఘాల ఖాతాలు వచ్చాక స్త్రీల పేరు మీద ఖాతాలకి లోటు లేదు. కానీ ఆ ఖాతాకి జతచేసిన నంబరు చాలా ఇళ్ళలో భర్తది, లేకపోతే కొడుకుది. ఓటీపీ ఆ ఫోనుకి వస్తుంది. డబ్బు కోత పడిందన్న సందేశం ఆ ఫోనుకి వస్తుంది. ఏ సంస్థకి, ఏ రోజు, ఎన్ని గంటలకి చెల్లించిందో అన్నీ అందులో ఉంటాయి. పోపుల డబ్బాలోంచి తీసిన పది రూపాయలకి సాక్షి లేదు. యూపీఐలో కట్టిన పది రూపాయలకి శాశ్వతమైన సాక్ష్యం ఉంది. గృహహింస చట్టం మీద కోర్సుకి ఒక స్త్రీ 99 రూపాయలు కట్టిందనుకోండి. సాయంత్రానికి ఆ సంగతి ఆమె భర్త ఫోనులో ఉంటుంది. ఆమె చెల్లించకపోతే ఆమెకి సంసిద్ధత లేదని మన సర్వే రాసుకుంటుంది!

సంఘాల సమావేశాల్లో నేను కొంతకాలంగా ఈ ప్రశ్న అడుగుతూ వస్తున్నాను: ‘మీ ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తుంది?’ మొదట నవ్వుతారు. తరవాత ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఒక పెద్దావిడ అన్నమాట మర్చిపోలేను. ‘ఖాతా నాదేనమ్మా. తాళం చెవి మా పెద్దోడి జేబులో ఉంటది’ అంది.

దీనికి ఒక ఎదురు ఉదాహరణ కూడా ఉంది, దాన్ని దాచిపెట్టి వాదించడం సరికాదు. మగ్గం వర్కు, బ్లౌజు కటింగు, కేకుల తయారీ, బ్యూటీపార్లర్ పని, సంగీతం – వీటిలో ఆడవాళ్ళు ఆడవాళ్ళకి ఫీజు తీసుకుని ఆన్‌లైన్‌లో నేర్పడం ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా ఉంది. వాట్సాప్ గ్రూపులో వీడియోలు పెడతారు, అనుమానాలకి ఫోనులో జవాబిస్తారు. అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలకి ఇక్కణ్ణుంచి తెల్లవారుజామున లేచి సంగీతం చెప్పే టీచర్లున్నారు. నేర్చుకునే స్త్రీలు కూడా డబ్బు కడుతున్నారు. ఎందుకంటే అది రేపు నాలుగు జాకెట్లు కుట్టి సంపాదించుకునే చదువు, ఇంట్లో ఒప్పించగలిగే చదువు. పైగా అవతల ఉన్నది ఒక ఆడమనిషి, ‘అక్కా, వచ్చే వారం ఇస్తాను’ అంటే ఆగుతుంది. ఇదంతా సంతోషించదగ్గదే. అయితే నేర్పేవాళ్ళలో కూడా ఎంతమంది ఫీజుకి పంపే క్యూఆర్ కోడు వాళ్ళ సొంత పేరు మీద ఉందో అడిగి చూడండి. పైగా 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనులు చేసే స్త్రీలు రోజుకి 289 నిమిషాలు జీతం లేని ఆ పనికి వెచ్చిస్తున్నారు, పురుషులు 88 నిమిషాలు. ఆన్‌లైన్ క్లాసు ఆ 289 నిమిషాల మీద అదనంగా వచ్చి పడిన పని. ‘ఇంట్లోనే కదా ఉండి చేసేది’ అనే మాటతో ఆ శ్రమ మళ్ళీ కనబడకుండా పోతోంది.

అయితే అన్నీ ఉచితంగా ఇచ్చేద్దామా? ఇది కూడా అంత సులువైన జవాబు కాదు. ఊరికే దొరికేదాని ఖర్చు ఎవరో ఒకరు భరిస్తూనే ఉంటారు. 2024 జులై 1 నుంచి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. 498-ఎ పోయి 85, 86 సెక్షన్లు వచ్చాయి. భరణం కోసం మనకందరికీ కంఠతా వచ్చిన 125 సెక్షన్ ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 144. యూట్యూబ్‌లో దొరికే ఉచిత న్యాయసలహాల్లో చాలావాటిలో ఇంకా పాత అంకెలే ఉన్నాయి. కొన్నిటిలో భార్య పెట్టిన కేసు నుంచి ఎలా తప్పించుకోవాలో భర్తలకి చెప్పడమే పాఠం. ప్రకటనల మీద బతికే వేదికలో ఎక్కువమంది చూసేది పైకి తేలుతుంది, సరైనది కాదు. ఒక పాఠాన్ని సరిచూసి, చట్టం మారినప్పుడల్లా తిరిగి రాసి, తెలుగులో అర్థమయ్యేలా చెప్పి రికార్డు చేయడానికి మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. మన సంస్థల్లో ‘ఉచితం’ అన్నదాని అర్థం చాలాసార్లు ఎవరో ఒక కార్యకర్త రాత్రిపూట కూర్చుని జీతం లేకుండా చేసిన పని. వెబినార్లకి పిలిచేవాళ్ళు ‘ఒక్క గంటే కదా మేడం’ అంటారు. ఆ గంట వెనక ఇరవై ఏళ్ళ పని ఉందని గుర్తుండదు. ఇంట్లో జీతం లేని చాకిరీ గురించి ఇన్నేళ్ళుగా రాసిన మనం, మన సంఘాల్లో అదే పద్ధతిని కొనసాగించడానికి వీల్లేదు. (పత్రిక పీడీఎఫ్ వాట్సాప్‌లో పెట్టమని అడిగే మిత్రులకి కూడా ఈ మాట వర్తిస్తుందని సవినయంగా మనవి.)

కనక చెల్లించాలి. చెల్లించవలసినది ఎవరన్నదే ప్రశ్న.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు రాత్రిబడులకి వచ్చినప్పుడు ఎవరూ వాళ్ళని ఫీజు అడగలేదు. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం ప్రభుత్వ ఖర్చుతో నడిచింది. ఆ చదువు సారా వ్యతిరేక ఉద్యమంగా మారి దూబగుంట నుంచి రాష్ట్రమంతా వ్యాపించింది, 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. ఆ రాత్రిబడికి పది రూపాయల రుసుము పెట్టి సంసిద్ధత కొలిచి ఉంటే ఏమయ్యేది? కూలి డబ్బు సారాకొట్టుకి పోతున్న ఇళ్ళ ఆడవాళ్ళకి చదువు అక్కర్లేదని తేలి ఉండేది. అదే ఆడవాళ్ళు తరవాత ‘పొదుపు లక్ష్మి’లో రోజుకొక రూపాయి చొప్పున దాచుకున్నారు. దాచినది తమ చేతిలో, తమ సంఘం పుస్తకంలో ఉంటుందనుకున్నప్పుడు రూపాయి బయటికొచ్చింది. పొదుపు సంఘాలు ఆ తరవాత అప్పుల వసూలు యంత్రాలుగా ఎలా మారాయో మనం ఈ పేజీల్లో చాలాసార్లు చర్చించాం. అయినా గుంపుగా చెల్లించడంలో ఒంటరిగా చెల్లించడంలో లేని రక్షణ ఉందన్నది నిజం. సంఘం పేరు మీద కట్టిన డబ్బుకి ఏ ఒక్క మొగుడి ఫోనుకీ సందేశం పోదు.

ప్రభుత్వం చెల్లించలేదా అంటే, తలచుకుంటే చెల్లిస్తుంది. 2024 నవంబర్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం కింద మూడేళ్ళకి 6,000 కోట్ల రూపాయలు పెట్టి, 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలని ప్రభుత్వ ఉన్నత విద్యా, పరిశోధనా సంస్థలకి అందుబాటులోకి తెచ్చారు. మంచిదే. విశ్వవిద్యాలయంలో ఉన్నవాళ్ళకి లాభమే. కానీ స్త్రీల మీద జరిగిన పరిశోధన చదవవలసిన జిల్లా కార్యకర్తకి, మన వంటి స్వచ్ఛంద సంస్థకి అందులో చోటు లేదు. ఇంకోవైపు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జూన్‌లో బైజూస్‌తో ఒప్పందం చేసుకుని, ఆ ఏడాది డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకి ఆ పాఠాలు నింపిన ట్యాబ్‌లు పంచింది. రెండేళ్ళు తిరగకుండానే ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ప్రభుత్వం తానే పాఠం తయారుచేసుకోకుండా కంపెనీ దగ్గర అరువు తెచ్చుకుంటే ఆ ఉచితం ఎంత గట్టిదో దీనివల్ల తెలుస్తుంది.

న్యాయస్థానాలు దీన్ని హక్కుగా చూడడం మొదలుపెట్టాయి. 2019 సెప్టెంబర్‌లో ఫహీమా షిరిన్ కేసులో కేరళ హైకోర్టు, ఇంటర్నెట్ వాడుకోవడం విద్యాహక్కులోనూ వ్యక్తిగత గోప్యత హక్కులోనూ భాగమని చెప్పింది. ఆడపిల్లల హాస్టల్‌లో సాయంత్రం 6 నుంచి 10 దాకా ఫోను వాడకూడదన్న నిబంధనని ఎదిరించినందుకు ఆమెని హాస్టల్ నుంచి పంపేశారు. కోర్టు తిరిగి చేర్చుకోమంది. చదువూ, గోప్యతా రెండూ కలిపి చెప్పడం ఈ తీర్పులో నాకు ముఖ్యంగా కనబడే విషయం. మన ఫీజు చర్చలో ఎప్పుడూ జారిపోయేది ఆ రెండోదే.

ఇక మన కోర్సు సంగతి. 2013 నాటి లైంగిక వేధింపుల చట్టం పదిమంది లేక అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలంది. అంతేకాదు, 19వ సెక్షన్ ప్రకారం ఉద్యోగులకి అవగాహన శిబిరాలు, కమిటీ సభ్యులకి శిక్షణ ఏర్పాటు చేయడం యజమాని బాధ్యత. అంటే ఈ చదువుకి చెల్లించవలసినది ఎవరో చట్టమే చెప్పింది. కళాశాలలు, ఆసుపత్రులు, ఫ్యాక్టరీలు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు మన పాఠాలని వాడుకోవాలంటే పూర్తి ధర కట్టాలి, బేరం లేకుండా. ‘మీరు సేవాసంస్థ కదా, తగ్గించండి’ అనే హెచ్.ఆర్. అధికారులకి మొహమాటపడవలసిన పని లేదు. ఆ రాబడితో పాఠాలు సరిచూసే ఇద్దరు న్యాయవాదులకి, తెలుగు రాసే ఒకరికి గౌరవప్రదమైన జీతం ఇవ్వాలన్నది నా ప్రతిపాదన. విడిగా వచ్చే స్త్రీ నుంచి రుసుమూ వద్దు, ఫోను నంబరూ వద్దు. పాఠం పేరు కూడా తెర మీద పైకి కనబడనవసరం లేదు. స్మార్ట్‌ఫోను లేనివాళ్ళు మామూలు ఫోనులో వినేలా ఆడియో ఉండాలి. ఇవ్వాలనుకున్నవాళ్ళు ఇచ్చేందుకు దారి ఉండాలి, ఆ దారి నగదుకి కూడా తెరిచి ఉండాలి. మండల స్థాయిలో మన కార్యకర్త చేతికిస్తే, పేరు రాయమంటే రాసి, వద్దంటే సంఘం పేరు మీద రసీదు.

దీనివల్ల లెక్కలు రాయడం కష్టమవుతుందని మన ఆడిటరుగారు ఇప్పటికే అన్నారు. అవుతుంది. ఆ కష్టం మన ఆఫీసుది, ఆ స్త్రీది కాదు. ఇంకో అభ్యంతరం మన మిత్రుల నుంచే వస్తోంది. ఊరికే ఇచ్చినదానికి విలువుండదు, సగంలో మానేస్తారు అంటున్నారు. సగంలో మానేసేవాళ్ళు డబ్బు కట్టిన కోర్సుల్లోనూ ఉన్నారు. ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో, ఆ సమయానికి ఇంట్లో ఏం జరుగుతోందో కనుక్కోవడం మన పని. ఆ పని ఫీజు చేసిపెట్టదు.

ఈ ప్రతిపాదనలు వచ్చే సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాం. అంతకుముందు ప్రతి జిల్లా సంఘమూ తమ సమావేశంలో ఒక గంట దీనికి కేటాయించి, ఖాతా ఎవరి పేరు మీద ఉంది, దానికి జతచేసిన నంబరు ఎవరిది, రీఛార్జి ఎవరు వేయిస్తారు అన్న మూడు విషయాలూ సభ్యులతో మాట్లాడి, పేర్లు లేకుండా రాసి పంపాలని కోరుతున్నాం. పత్రిక చందా ఎప్పటిలాగే నగదుగానూ, మనియార్డరుగానూ కూడా తీసుకుంటాం.